మా ఊళ్ళో ముందు చిన్నపిల్ల మాట్లాడుతుంది

డిగ్రీ చదివే పిల్లలకి నలుగురిలో ఎలా మాట్లాడాలో నేర్పడం ఇప్పుడు నా ఉద్యోగం. "కమ్యూనికేషన్ మేడమ్" అంటారు నన్ను. కొండల మీంచి దిగి వచ్చిన పిల్లలు నా క్లాసులో మొదటి రోజు నేల చూపులు చూస్తారు. ఒకప్పుడు నేనూ అలాగే చూసేదాన్ని కాబట్టి వాళ్ళని ఏమీ అనను. కానీ ఊరి పేరు కూడా సరిగ్గా పలకలేని వాళ్ళు కాలేజీకి అతిథులుగా వచ్చి, "ఈ ట్రైబల్ పిల్లలకి బొత్తిగా ధైర్యం లేదండీ, మీరే నేర్పాలి" అన్నప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ధైర్యం లేకపోవడమేమిటి? మా ఊళ్ళో మీటింగు మొదలుపెట్టేదే చిన్నపిల్లలు.

మా ఊరు డుంబ్రిగుడ మండలంలో, జీపు ఆగే రోడ్డుకి అవతల, మేం గెడ్డ అనే కొండవాగు దాటితే వస్తుంది. ఎండాకాలం ఆ గెడ్డలో పాదాలు కూడా సరిగ్గా తడవవు. వానలు పడితే పైన కొండ నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి. మా ఇంటి మాట వేరు, అందులో ఒరియా ఎక్కువ. ఇక్కడ మావాళ్ళు అన్నవన్నీ మేం సంతలో మాట్లాడే తెలుగులోనే రాస్తున్నాను.

ఊళ్ళో ఏదైనా తేల్చుకోవాలంటే అందరూ ఊరి పెద్ద ఇంటి ముందు కూర్చుంటారు. ఆయన మా అమ్మకి చిన్నాన్న, నాకు తాత. వచ్చినవాళ్ళలో అందరికంటే చిన్నవాళ్ళెవరో ముందు చూస్తారు. మాటలొచ్చిన పిల్లయితే చాలు. ఆ పిల్ల ముందు మాట్లాడాలి. తర్వాత ఆమెకంటే పెద్దవాళ్ళు, ఆ తర్వాత ఇంకా పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళు ముందే నోరు తెరిస్తే చిన్నవాళ్ళు తమ మాట మింగేసి తల ఊపుతారని మావాళ్ళ భయం. అందరిదీ అయ్యాక తాత వంతు. ఆయన నేరుగా తన మాట చెప్పడు. ఎవరెవరు ఏమన్నారో మొదటి నుంచి వరసగా తిరిగి చెప్తాడు. ఎవరి మాటైనా జారిపోతే వాళ్ళు లేచి అడగొచ్చు. అదంతా అయ్యాకే ఊరి నిర్ణయం బయటికి వస్తుంది, అది ఆయన నోటి నుంచే రావాలి. అంతకుముందు ఎవరికైనా ఆ మాట తోచినా పైకి అనరు.

నేను మొదటిసారి మాట్లాడింది కాఫీ తోటలకి కొత్త దారి ఎటు నుంచి కొట్టాలా అని కూర్చున్నప్పుడు. ఆ రోజు అందరిలోకీ చిన్నదాన్ని నేనే. నాకు దారి సంగతి ఏం తెలుసు? "నాకు సెప్పులు కావాల" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. చివర తాత నా మాటతోనే మొదలుపెట్టాడు. "గుంటకి సెప్పులు కావాలంట. అంటే పైదారంట ముళ్ళున్నాయనే కదా" అన్నాడు. గుంట అంటే మావైపు ఆడపిల్ల. దారి కిందినుంచి కొట్టారు. ఆ తర్వాత చాలా రోజులు నేను ఊళ్ళో రొమ్ము విరుచుకుని తిరిగానని మా అమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

ఆ గీర ఆశ్రమ పాఠశాలలో ఒక్క పూటలో దిగిపోయింది. టీచరు ఏదో అడిగితే లేచి మా ఇంటి మాటలో చెప్పాను. క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వింది, నాకు ఎక్కువ గుర్తున్నది అదే. తెలుగులో చెప్పబోతే ఆ తెలుగుకీ నవ్వారు. ఏమిటి అనడానికి ఏటి అన్నందుకు ఒకసారి, త్వరగా అనడానికి బేగి అన్నందుకు ఒకసారి. ఇక నోరు మూసుకున్నాను. హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని, అంతే. పదో తరగతి దాకా నన్ను మంచి పిల్ల, నెమ్మదస్తురాలు అనే అన్నారు. భయానికి అంత మంచి పేరు వస్తుందని అప్పుడు తెలిసింది.

విశాఖపట్నంలో డిగ్రీ చదువుతుండగా మాట్లాడటం నేర్పడానికి ఒకాయన వచ్చేవాడు. నిటారుగా నిలబడాలి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, ముందు సభకి నమస్కారం, అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు, తర్వాత మూడు పాయింట్లు, చివర చిరునవ్వు. అందరూ వెనకాల ఆయన్ని వెక్కిరించేవాళ్ళు. నేను మాత్రం ఆకలిగా ఉన్నదానిలా నేర్చుకున్నాను. నవ్వులపాలు కాకుండా మాట్లాడటానికి ఒక దారంటూ ఉందని ఎవరో చెప్పడం నాకు అదే మొదటిసారి.

సెలవులకి ఇంటికొచ్చి అమ్మతో కాఫీ పళ్ళు కోస్తూ గట్టిగా సాధన చేసేదాన్ని. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగల మధ్య నిలబడి సభకు నమస్కారం పెట్టేదాన్ని.

"ఎవుల్తో మాటాడుతున్నావే?" అనేది అమ్మ.

"కాపీ సెట్లతో."

"మరి అవేటంటన్నాయి?"

"సప్పట్లు కొడతన్నాయి."

"ఆ సప్పట్లేవో అయినాక, కింద రాలిన పళ్ళు ఏరు."

నవ్వుకునేవాళ్ళం. కానీ నాకు నిజంగానే గొంతు వచ్చింది. డిగ్రీ చివరి ఏడాది కాలేజీలో మైకు ముందు నిలబడి వణక్కుండా మాట్లాడాను. ఆ రోజు పట్టిన సంతోషం నాకు ఇంకెప్పుడూ పట్టలేదు.

చదువు ముగించుకుని ఇంటికొచ్చిన ఏడాదే మా ఊరి బడి ఎత్తేస్తారని తెలిసింది. ఒక్క గది, ఒక్క టీచరు, గుప్పెడు మంది పిల్లలు. వాళ్ళని గెడ్డ అవతల రోడ్డు పక్కనున్న పెద్ద బడిలో కలుపుతారట. మా అక్క కూతురు అప్పుడే ఒకటో తరగతిలో చేరింది. మోచెయ్యంత పిల్ల. వానాకాలం ఆ గెడ్డలో నేను దిగాలన్నా చీర ఎగదోపుకుని, ఎవరిదో చెయ్యి పట్టుకోవాల్సిందే. అక్కకి ఆ కబురు విన్న రోజు అన్నం సయించలేదు.

మండల కేంద్రంలో జనం అభిప్రాయం వింటామని, వచ్చే సంత రోజున రమ్మని చెప్పారు. దానికి ముందు ఊరంతా తాత ఇంటి ముందు కూర్చున్నాం. అక్క కూతురే అందరికంటే చిన్నది.

"నాను గెడ్డ దాటను. నీళ్ళు లాగీత్తాయి" అంది. అని, అక్క ఒళ్ళో కూర్చుంది.

తర్వాత ఒక్కొక్కరు మాట్లాడారు. అందరూ ఒకే మాట అనలేదు. ఒక కుర్రాడు, ఇద్దరు పిల్లల తండ్రి, "పెద్ద బడే మంచిది. అక్కడ క్లాసుకో టీచరు. ఇక్కడ మాస్టారికి జొరం వస్తే బడికే జొరం" అన్నాడు. అది నిజమే, ఎవరూ కాదనలేదు. అక్క, "పనికి పోవాలా, రెండు పూటలా దీన్ని ఎత్తుకుని గెడ్డ దాటాలా?" అంది. అక్కకంటే ముందు, నా వంతు వచ్చినప్పుడు నేను నిటారుగా నిలబడి మూడు పాయింట్లు చెప్పాను. ఇంటి భాష తెలిసిన టీచరు చిన్నపిల్లలకి ఎంత అవసరమో చెప్పాను. "అచ్చం టీవీలో గుంటలాగ మాటాడుతోంది" అని ఎవరో అన్నారు. నాకు గర్వంగానే అనిపించింది.

తాత అందరి మాటలూ వరసగా చెప్పి, చివర ఊరి నిర్ణయం చెప్పాడు. "పెద్ద బడి మంచిదే. అయితే ముందు గెడ్డ మీద వంతెన కట్టాల. వంతెన అయీదాకా మన బడి మనకుండాల. వంతెన అయినాక పిల్లల్ని మనమే తీసుకెల్తాం."

ఎవరినీ నొప్పించని మాట అది. ఆ కుర్రాడు కూడా తలూపాడు. సంత రోజున నేనూ, ఇంకొందరూ మా మా మాటలు చెప్పాలనీ, వంతెన మాట తాత చివర చెప్పాలనీ అనుకున్నాం. దాని గురించి పెద్దగా మాట్లాడుకున్నది కూడా లేదు. ఇంకెలా జరుగుతుంది?

ఆ రోజు హాలు నిండా కుర్చీలు, గోడవారన నిలబడ్డ జనం. కిటికీ బయట సంత సందడి. చాలా ఊళ్ళవాళ్ళు వచ్చారు. అధికారి మంచి మనిషిలాగే కనిపించాడు. పెద్దవాళ్ళని గౌరవించాలనుకున్నాడు కాబోలు, మా ఊరి వంతు రాగానే తాత వైపు చెయ్యి చూపించాడు.

"ముందు పెద్దాయన మాట్లాడతారు" అన్నాడు.

తాత లేచి చేతులు జోడించాడు. మైకు ఆయన చేతికివ్వబోతే వెనక్కి తగ్గాడు. "పిల్లలు సెప్పనీండి బాబూ. నాను సివర సెప్తాను" అన్నాడు.

అధికారి నవ్వి, "అలాగే, అలాగే" అన్నాడు. మొహమాటం అనుకున్నాడేమో. మైకు నా దగ్గరికి వచ్చింది.

నేను బాగా మాట్లాడాను. ఇది గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే బాగా మాట్లాడాను. గొంతు వణకలేదు, ఒక్క మాట తడబడలేదు. నేను నేర్చుకున్న తెలుగులో, అవసరమైన చోట ఇంగ్లీషులో, చిన్నపిల్లల చదువు గురించి, ఇంటి భాష గురించి, ఊళ్ళో బడి ఉండాల్సిన అవసరం గురించి చెప్పాను. గెడ్డ గురించి చెప్పాను. వంతెన మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది నా మాట కాదు, తాతది. ఆయన పక్కనే కూర్చుని ఉండగా నేను ఆ మాట అనేస్తే ఇక ఆయన ఎందుకు వచ్చినట్టు? చిరునవ్వు నవ్వి కూర్చున్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది.

అధికారి మైకు తీసుకుని, "చూశారా!" అన్నాడు. "ఈ అమ్మాయి ఎంత చక్కగా మాట్లాడిందో చూశారా? ఈ కొండల్లో పుట్టిన పిల్లే కదా? హాస్టల్లో ఉండి, పెద్ద బడిలో, పెద్ద కాలేజీలో చదువుకుంది కాబట్టి ఇలా మాట్లాడుతోంది. ఒక గదిలో, ఒక టీచరు దగ్గర ఉండిపోతే ఇలా మాట్లాడేదా? మీ పిల్లలందరూ ఈ అమ్మాయిలా తయారవ్వాలనే మేం ఇదంతా చేస్తున్నాం."

మళ్ళీ చప్పట్లు. మా ఊరివాళ్ళు కూడా కొట్టారు, నన్ను మెచ్చుకుంటున్నారు కదా అని. నా మొహం మీద ఆ చిరునవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియలేదు. మా బడి ఉంచమని నేను అడిగిన గొంతునే చూపించి మా బడి ఎందుకు ఎత్తెయ్యాలో ఆయన చెప్పాడు.

తర్వాత మైకు మావాళ్ళలో ఇంకెవరికీ ఇవ్వకుండా వేరే ఊళ్ళవాళ్ళకి ఇచ్చారు. ఒకాయన లేచి, బడి సంగతి వదిలేసి తన రాజకీయం అంతా చెప్పుకొచ్చాడు, ఆయన్ని ఎవరూ ఆపలేదు. భోజనాల వేళ అయింది. అధికారి లేవబోతుంటే తాత లేచి నిలబడ్డాడు.

"మీ ఊరి తరఫున అమ్మాయి బ్రహ్మాండంగా చెప్పేసింది కదా పెద్దాయనా?"

"అది దాని మాట సెప్పింది బాబూ. ఊరి మాట ఉండిపోయింది."

సరే, బేగి చెప్పమని ఎవరో మైకు ఇచ్చారు. తాత రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"మా సిన్న గుంట అంటాది, గెడ్డ నీళ్ళు లాగీత్తాయని. దాని తర్వాత మా గుంటడొకడు అంటాడు…"

ఒక్కొక్కరి మాటా వదలకుండా చెప్తున్నాడు. ఎవరినీ దాటెయ్యకూడదు కదా. అందరివీ అయితే గానీ తన నోట వంతెన మాట రాకూడదు. మధ్యలో ఆగి, ఒకరి మాట గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకున్నాడు.

"పాయింటుకి రండి పెద్దాయనా" అన్నాడు అధికారి.

"వత్తన్నాను బాబూ. ఇంకా మా ముసిల్ది అన్న మాటుంది."

కొందరు నవ్వారు. ఆశ్రమ పాఠశాలలో విన్న నవ్వే అది. "అర్థమైంది, మీరంతా పిల్లల మంచే కోరుతున్నారు, సంతోషం" అన్నాడు అధికారి. ఒకతను వచ్చి తాత చేతిలోంచి మైకు మెల్లిగా, మర్యాదగానే తీసుకున్నాడు. కుర్చీలు జరిగాయి, జనం లేచారు. నేను లేచి, "సార్, వంతెన! మేం అడిగేది వంతెన!" అని అరిచాను. మైకు లేకపోతే నా గొంతు ముందు వరస దాకా కూడా వెళ్ళలేదు. అధికారి నా వైపు తిరిగి, "నువ్వు చాలా బాగా చెప్పావమ్మా" అని వెళ్ళిపోయాడు.

తాతతో కలిసి తిరుగు జీపు ఎక్కాను. సంతలో కొన్న ఉప్పు, ఎండుచేపల సంచుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. జీపు దిగబోయే ముందు అడిగాడు.

"నాను ఎవుల మాట దాకా సెప్పానే?"

"అక్క మాట దాకా చెప్పావు తాతా."

"అయితే వంతెన మాట రానేదు."

"రాలేదు."

"ఆ బాబు ముందే సెప్పమన్నాడు. సెప్పీసుంటే అయిపోను" అన్నాడు. ఆయన తప్పేమీ లేదని నేను చాలా చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. ఆ తర్వాత కొన్నాళ్ళు మీటింగు పెట్టడానికి కూడా ఇష్టపడలేదు.

వేసవి సెలవుల తర్వాత మా బడి తెరవలేదు. బల్లలు మోసుకుపోయారు. గదికి తాళం పడింది, వరండాలో ఇప్పుడు మేకలు పడుకుంటాయి. వంతెన కోసం నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. అధికారి మారిపోయాడు. కొత్తాయన, "ఆ రోజు మీటింగులో మీవాళ్ళు వంతెన అడగనే లేదటగా?" అన్నాడు. అడగలేదు. అడగబోయాం అని చెప్తే నమ్మేదెవరు?

ఈ ఉద్యోగం కూడా నాకు ఆ మీటింగు వల్లే వచ్చింది. హాల్లో నా మాట విన్న ఒకాయన కాలేజీలో చెప్పారట, మంచి స్పీకరు ఉందని. మావాళ్ళు సంతోషించారు. నేనూ సంతోషించాననే చెప్పాలి, ఇంట్లో జీతం అవసరం ఉంది. కానీ మొదటి రోజు క్లాసులో నిలబడి సభకు నమస్కారం ఎలా పెట్టాలో నేర్పుతుంటే ఆ హాల్లోని చప్పట్లే వినిపించాయి.

అక్క కూతురు పెద్ద బడికి వెళ్తోంది. అక్క చంకనేసుకుని గెడ్డ దాటించి, పనికి పోయి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తెస్తుంది. వాన ఎక్కువైతే బడి లేదు. బడిలో పిల్ల నోరు విప్పడం లేదని టీచరు కబురు పెట్టింది. ఇంట్లో కూడా మాటలు తగ్గిపోయాయి.

"కాలేజీ పిల్లలకి నేర్పుతావు కదే, దీనికీ నేర్పు" అంది అక్క.

వారం వారం వెళ్ళి నేర్పాను. నా దగ్గర ఉన్నది అదే కదా. నిటారుగా నిలబడటం, కళ్ళలోకి చూడటం, నమస్కారం, ధన్యవాదాలు. పిల్ల చురుకైనది, చిలకలా పట్టేసింది. బడిలో ఏదో పండగకి స్టేజీ ఎక్కి ఆ నాలుగు మాటలూ చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. అక్క కళ్ళు తుడుచుకుంది.

మొన్న వానల్లో గెడ్డలో అక్క కాలు జారింది. పిల్ల చంకలోంచి జారి నీళ్ళలో పడింది. కింద చేపలు పడుతున్న మనిషి బ్యాగు పట్టీ అందుకుని లాగాడు కాబట్టి దక్కింది. వానలు తగ్గేదాకా పిల్లల్ని పంపాలా, మానిపించాలా, మనమే దుంగలు వేసి ఏదైనా కట్టుకోవాలా అని చాలా రోజుల తర్వాత తాత ఇంటి ముందు అందరం కూర్చున్నాం. ఆ రోజూ అందరికంటే చిన్నది అదే.

లేచింది. అక్క ఒళ్ళోంచి ముందుకి వచ్చి నిటారుగా నిలబడింది. రెండు చేతులూ జోడించి, ఎదురుగా ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూసి, "సభకు నమస్కారం. నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు మీ అందరికీ ధన్యవాదాలు" అంది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. చిరునవ్వు నవ్వింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆడవాళ్ళు మురిసిపోయి చప్పట్లు కొట్టారు. తాత కొట్టలేదు. కాస్త ముందుకి వంగి, "నీ మాటేటమ్మా? గెడ్డలో పడ్డావు కదా, నీకేటనిపించింది?" అని అడిగాడు.

పిల్ల ఆయన వైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, "బాగా చెప్పానా పిన్నీ?" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. ఆ పిల్ల తన మాట చెప్పేదాకా తర్వాతివాళ్ళు మొదలుపెట్టడానికి లేదు. అందరూ మా ఇద్దరినే చూస్తూ కూర్చున్నారు.